రేకుల షెడ్డులో కీర్తిమందిరం

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చినవాళ్ళంతా కంగారూల గురించి రాస్తారు. నేను రాయను. ఉన్న నెల రోజుల్లో నాకు కనిపించిన ఒకే ఒక్క కంగారూ రోడ్డు పక్కన కాళ్ళు చాపుకుని చచ్చిపడుంది. దాని మొహంలో కూడా నన్ను చూసిన ఆనందం ఏమీ లేదు. సముద్రం, వంతెన, నత్తగుల్లలు బోర్లించినట్టుండే ఆ సంగీతశాల, ఇవన్నీ క్యాలెండర్లలో చూసుకోండి. నేను కోపం గురించి రాస్తాను. తొంభై ఒకటి జనవరిలో బయల్దేరినప్పుడు మామూలు మనిషిని. తిరిగొచ్చేటప్పుడు రెండు టన్నుల కోపం ఎక్కువగా ఉన్నాను. ఆ విమానం నేల మీంచి ఎట్టా లేచిందో దాన్ని నడిపినవాడినే అడగాలి.

అసలు నేను వెళ్ళింది ఊళ్ళు చూడ్డానికి కాదు, శాలువా కప్పడానికి. మా బావమరిది ఏసురత్నం బాపట్ల వదిలి సిడ్నీ పోయి పన్నెండేళ్ళయింది. అక్కడొక ఆస్పత్రిలో నర్సు. శనివారాలు బేస్‌బాల్ అనే ఆట ఆడతాడు. వాళ్ళ క్లబ్బులో కొత్తగా కీర్తిమందిరం పెడుతున్నారనీ, అందులో ఎక్కే మొట్టమొదటి పేరు బహుశా తనదేననీ కబురు చేశాడు. మా ఆవిడ ఆ సాయంత్రానికే పట్టుశాలువా కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు బళ్ళో పదో తరగతి పిల్లల గొడవ. మీరెళ్ళండి. మా తమ్ముడికి సన్మానం జరుగుతుంటే మనవైపు మనిషి ఒక్కడూ లేకపోతే వాళ్ళేమనుకుంటారు?"

వాళ్ళేమీ అనుకోరు. ఆ సంగతి తెలుసుకోవడానికి నేను సముద్రాలు దాటాల్సొచ్చింది.

సిడ్నీలో మెత్తళ్ళు

విమానాశ్రయంలో నా పెట్టె విప్పిన ఆడమనిషి ఏడడుగుల పొడుగు. ఒక్కో చెయ్యి తాటిదూలమంత. రత్నం భార్య సుగుణ నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఎండుమెత్తళ్ళు. ఆ పొట్లం ఆవిడ రెండు వేళ్ళతో పైకెత్తింది.

"ఇవి చచ్చినవేనా?"

"బాపట్లలోనే చచ్చాయమ్మా, నెల రోజులైంది."

అన్నీ చెత్తబుట్టలో పోశారు. నేను ఊరుకోలేదు. నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడేసి, అది చాలక తెలుగు కూడా ఖర్చుపెట్టాను. నా వెనకాల వరస సింగపూరు దాకా పెరిగింది. చివరికి ఆవిడ శాలువా విప్పి, దులిపి, వాసన చూసి, "మరి ఇదేంటి?" అంది.

"మర్యాద" అన్నాను.

దానికి సుంకం లేదంది. ఆ దేశంలో దాని ఖరీదేమిటో అప్పుడే అర్థం కావాల్సింది.

టూంగాబీ

రత్నం ఇల్లు టూంగాబీలో. జనవరి కదా, మనకి దుప్పట్లు, వాళ్ళకి కొలిమి. చెట్ల మీద కీచురాళ్ళు పగలంతా వెయ్యి రంపపు మిల్లులు ఒక్కసారి ఆడిస్తాయి. ఈగలు మన ఈగల్లా భయపడవు. కళ్ళజోడు మీద వాలి, నేను చదువుతున్న పేపరు నాకన్నా ముందు చదివేస్తాయి.

కారు దిగి పెట్టె దించుతుంటే కంచె మీదుగా పక్కింటివాడు అరిచాడు: "గుడై, రాటీ!"

రాట్ అంటే ఎలకే కదా. నేను ఎగిరి కారు బానెట్ ఎక్కాను. "ఏదిరా, ఎక్కడుంది?"

"నన్నే బావగారూ" అన్నాడు రత్నం నవ్వుతూ. "ఏసురత్నం అంటే వీళ్ళకి నోరు తిరగదు."

"వీళ్ళ ఊళ్ళ పేర్లకి మన నోరు తిరగట్లేదా? టూంగాబీ అనట్లా? వూలూమూలూ అనట్లా? మీ నాయన మోకాళ్ళ మీద ప్రార్థన చేసి పెట్టిన పేరురా అది. రత్నాన్ని ఎలకని చేస్తే పలుకుతావా?"

"అలవాటైపోయింది లెండి."

రాత్రి భోజనంలో గొర్రె మాంసం, చారు. కూరలో కొత్తిమీర లేదేమని అడిగితే కట్ట డాలరున్నరట. మన డబ్బుల్లో ఇరవై రూపాయలు పైనే. ఇరవై రూపాయలకి బాపట్లలో కొత్తిమీర మడి రిజిస్ట్రీ చేయించి, రైతుని కూడా వెంట పంపిస్తారు. ఆ దేశంలో మాంసం చవక, ఆకు ఖరీదు. గొర్రె తిన్న గడ్డి ధర కూడా మనకే వేస్తున్నారేమోనని నా అనుమానం.

మర్నాడు రత్నం డ్యూటీకి వెళ్ళాక సుగుణ గొంతు తగ్గించి చెప్పింది. "మీ బావమరిది పైకి అనడు అన్నయ్యగారూ. పోయిన వారం ఆ షెడ్డుకి పోయి, గోడ మీద కొట్టే ఇత్తడి రేకు మీద ఎన్ని అక్షరాలు పడతాయో చూసొచ్చాడు. ఏసురత్నం అని మొత్తం పడుతుందంట. ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు."

"మామ్! డాడ్ సెడ్ నాట్ టు టెల్!" అంది సూజీ. వాళ్ళమ్మాయి, పద్నాలుగేళ్ళు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

రత్నానికి నలభై రెండు నిండాయి. ఆడటం ఇదే ఆఖరి ఏడాదట. అంటే ఆ మైదానంలో వాడు ఏసురత్నంగా మిగలాలన్నా, ఎలకగా మిగలాలన్నా తేలేది ఇప్పుడే.

ఒక శనివారం ఆట

కీర్తిమందిరం చూశాను. అమెరికాలో ఈ ఆటకి నిజంగానే అట్టాంటిదొకటి ఉందట, అందులో మహామహుల పేర్లుంటాయట. దాన్ని చూసి వీళ్ళు వాత పెట్టుకున్నారు. మైదానం పక్కన రేకుల షెడ్డు, అందులో గడ్డికోసే మిషను, రెండు విరిగిన బెంచీలు, గోడకి ఒక చెక్కపలక. ఆ పలకే మందిరం. అందులో మేకు కొట్టిన చోట సాలెపురుగు కాపురముంటోంది. దాని కీర్తి సంగతి నాకు తెలియదు.

ఆట సంగతి చెప్తాను. బిళ్ళంగోడూ క్రికెట్టూ పెళ్ళి చేసుకుంటే పుట్టిన బిడ్డ అనుకోండి. ఒకడు బంతి నేల తగలకుండా విసురుతాడు. ఇంకొకడు రోకలిలాంటి గుండ్రటి కర్రతో దాన్ని బాదుతాడు. బాది, మూడు మూలలూ తిరిగి బయల్దేరిన చోటికి వస్తే ఒక పరుగు. కొట్టేవాడి వెనకాల మొహానికి ఇనపజల్లెడ కట్టుకుని, చేతికి గుమ్మడికాయంత తొడుగు వేసుకుని ఒకడు గొంతుక్కూర్చుంటాడు. తప్పిపోయిన ప్రతి బంతీ వాడు పట్టాలి. వాడే క్యాచర్. వాడే మా రత్నం.

అందులోనే ఉంది కిటుకు. తెల్లవాడు గొంతుక్కూర్చోలేడు! పుట్టిన దగ్గర్నించీ కుర్చీలే కదా. కూర్చుంటే మడమలు లేస్తాయి, మోకాళ్ళు ముదిరిన బెండకాయల్లా ఫట్ ఫట్‌మంటాయి, రెండో గంటకి అంబులెన్స్ పిలవాలి. మనవాడు మడమలు రెండూ నేలకి ఆనించి, ఇంటి అరుగు ముందు పళ్ళు తోముకుంటున్నంత హాయిగా పొద్దస్తమానం కూర్చుంటాడు. పదేళ్ళ కిందట పక్కింటివాడు రత్నం పెరట్లో గొంతుక్కూర్చుని కలుపు తీస్తుంటే చూసి, కంచె దూకి వచ్చి, చెయ్యిపట్టుకుని క్లబ్బుకి తీసుకెళ్ళాడట. ఆటేమిటో చెప్పింది తర్వాత.

ఆ రోజు వంద బంతులు పట్టాడు. ఒక్కళ్ళూ చప్పట్లు కొట్టలేదు. చూడ్డానికొచ్చింది నేను, సుగుణ, ఒక కుక్క. కుక్క మధ్యలో వెళ్ళిపోయింది.

కటూంబా

ఆదివారం నీలి కొండలు చూడ్డానికి కటూంబా తీసుకెళ్ళారు. మూడు రాతి స్తంభాలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ముగ్గురక్కచెల్లెళ్ళంటారు. చూడ్డానికి లోకమంతా వస్తుంది. మా కొండవీడు బండలు అంతకన్నా బాగుంటాయి గానీ, వాటికి ఎవరూ టీకొట్టు పెట్టలేదు. ఆ టీకొట్టులోనే ఉప్పులేని బన్నుకి జామూ మీగడా పూసి తింటూ రత్నం అసలు సంగతి బయటపెట్టాడు.

"కమిటీలో కొత్త మాట లేచింది బావగారూ. ఫైనల్స్‌లో ఎట్టా ఆడాడో అదే చూడాలంట."

ఏడాదంతా శనివారాలు ఆడాక, మొదటి నాలుగు జట్లకీ విడిగా పోటీ పెడతారు. దాన్ని ఫైనల్స్ అంటారు. ఆఖరిది గ్రాండ్ ఫైనల్. బారీ అని ఒకడున్నాడు. ఏడాదిలో సగం శనివారాలు చేపలు పట్టడానికి పోతాడు. పోయినేడు గ్రాండ్ ఫైనల్లో మాత్రం వచ్చి, ఒక్క బంతిని కంచె అవతలికి బాదేశాడు. జట్టు గెలిచింది. అంతకు ముందటేడు గ్రాండ్ ఫైనల్లో, ఆఖరి ఇన్నింగ్స్‌లో, ఒక్క బంతి మా రత్నం తొడుగు తగిలి పక్కకి పోయింది. జట్టు ఓడింది.

"ఒక్కటా? పదేళ్ళలో ఎన్ని పట్టావురా?"

"ఎవరు లెక్కపెట్టారు?"

"ఏడాదంతా పొయ్యి దగ్గర మాడినవాళ్ళని వదిలేసి, పెళ్ళినాడొచ్చి లడ్డూ చుట్టినవాడికి వంటవాడని పేరా?"

మీగడ నా మీసాల మీంచి ఎగిరి పక్క బల్ల దాకా పోయింది. అక్కడి దంపతులు లేచి దూరంగా కూర్చున్నారు.

"అట్టా కాదు బావగారూ" అన్నాడు వాడు నింపాదిగా. "వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. అందరూ చూసే రోజు చెయ్యి వణక్కూడదు కదా. నాది వణికింది." అని బన్ను పక్కన పెట్టేశాడు. వాడి నింపాదితనం చూస్తే నాకు వాళ్ళ మీదకన్నా వాడి మీద ఎక్కువ మండింది.

కెల్లీవిల్

తీర్మానం ఆ తర్వాతి వారం, క్లబ్బు ప్రెసిడెంటు బిల్ ఇంట్లో. కెల్లీవిల్ అంటే అన్నీ తోటలూ పశువుల దొడ్లూ. బిల్‌కి కోళ్ళ ఫారం ఉంది. ఊరు రెండు మైళ్ళుందనగానే ముక్కు చెప్పేసింది. మనిషి ఎర్రగా, గుండ్రంగా, ఉడకబెట్టిన పీతలా ఉన్నాడు. సన్మానసభ అంటే నాకు తెలిసింది వేదిక, మైకు, దండలు, ఆలస్యం. ఇక్కడ బిల్ నిక్కరుతో నిలబడి ఇనప పళ్ళెం మీద సాసేజీలు తిప్పుతున్నాడు. అదే అధ్యక్షస్థానం. ఒక డబల్‌రొట్టె ముక్కలో సాసేజీ చుట్టి నా చేతిలో పెట్టాడు. సగం మాడింది, సగం ఇంకా ఆలోచించుకుంటోంది.

నేను సిల్కు లాల్చీ వేసుకుని, శాలువా చంకలో పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. రత్నం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మిగతావాళ్ళంతా బనీన్లు.

స్కోరు రాసే ముసలావిడ ముందు మాట్లాడింది. "ఎండకీ వానకీ అక్కడ కూర్చున్నది రాటీ ఒక్కడే. బారీ ఏ శనివారం ఎక్కడుంటాడో చేపలకి తెలియాలి."

అందరూ నవ్వారు. బారీ కూడా నవ్వాడు. మంచివాడే, అదొక బాధ.

బిల్ గరిటె ఊపాడు. "మామూలు శనివారం ఎవడైనా ఆడతాడు. మామూలు శనివారాలకి లెక్క లేదు. ఫైనల్స్ రోజున తెలుస్తుంది ఎవడేమిటో. బారీ ఏం చేశాడో మనందరం చూశాం. రాటీ మనకి ప్రాణం. కానీ గ్రాండ్ ఫైనల్లో రాటీది ఏముంది? పాస్డ్ బాల్."

అయ్యా, మనం ఎట్టా పెరిగాం? ఏడాదంతా ఎదురుచూసేది ఒక్క మాట కోసం. గోడకంటించిన నెంబర్ల ముందు తోసుకుని, తొక్కుకుని, ఆ ఒక్క మాట వినబడగానే మిఠాయికి పరిగెత్తిన జాతి మనది. ఆ పీతమొహం వాడి నోటివెంట, అంతమంది ముందు, గ్రాండ్ ఫైనల్లో మా రత్నం పాసయ్యాడని వినగానే నాకు ఒళ్ళు తెలియలేదు.

"పాస్డ్! పాస్డ్!" అని చప్పట్లు కొడుతూ ఒక్క దూకు దూకి, మడతలు విప్పి, శాలువా తీసుకెళ్ళి రత్నం భుజాల మీద కప్పేశాను.

కోళ్ళు కూడా నోరు మూసుకున్నాయి.

సూజీ నా లాల్చీ పట్టుకు లాగింది. "మామయ్యా, నో! పాస్డ్ బాల్ మీన్స్ హి మిస్డ్ ఇట్!"

వదిలేసిన బంతిని వాళ్ళు పాసైన బంతి అంటారట. ఏం భాషండీ ఇది? తప్పినదాన్ని పాసంటే ఇక పాసైనదాన్ని ఏమంటారు? మా బళ్ళో ఈ పద్ధతే ఉంటే నేను కలెక్టర్ని అయ్యుండేవాణ్ణి. వాడి తప్పు నలుగురిలో చదువుతున్న క్షణాన వాడికి నేను సన్మానం చేశాను. ముందు ఎవరో ముక్కులో నవ్వారు. తర్వాత కెల్లీవిల్ మొత్తం నవ్వింది. రత్నం శాలువా మెల్లిగా తీసి, జరీ నలక్కుండా నాలుగు మడతలు పెట్టి, కారులో పెట్టి తిరిగొచ్చి అదే చోట నిలబడ్డాడు.

చేతులెత్తమన్నారు. బారీ పేరుకి చేతులు తోటకూర మొలకల్లా లేచాయి. మావాడికి ముసలావిడా, ఇంకో ముగ్గురో నలుగురో. సుగుణా సూజీ ఎత్తారు గానీ వాళ్ళకి ఓటు లేదట. నేను రెండు చేతులూ ఎత్తాను. నాకూ లేదట.

"నో హార్డ్ ఫీలింగ్స్, రాటీ?" అన్నాడు బిల్. "శనివారం రౌస్ హిల్‌లో ఆట. పదకొండింటికి వచ్చెయ్."

రత్నం తల ఊపాడు. అది సరేనో కాదో నాక్కూడా తెలియలేదు.

తిరుగుదారిలో నేను బిల్ వంశాన్ని ఏడు తరాల వెనక్కి తిట్టడం మొదలుపెట్టాను. మూడో తరంలో ఉండగా సుగుణ అంది: "అన్నయ్యగారూ, మీరు కాసేపు మాట్లాడకండి."

రౌస్ హిల్

శనివారం రత్నం పొద్దున్నే లేచాడు. అలవాటు కొద్దీ ఆట సామాను పెట్టె సర్దాడు. కారెక్కాడు. అందర్నీ ఎక్కించుకున్నాడు. రౌస్ హిల్ అప్పటికి ఊరు కాదు, గడ్డి. ఆవులు ఆట వైపు వీపు పెట్టి మేస్తున్నాయి. వాటి తెలివి నాకు నచ్చింది. రత్నం మైదానం పక్కన గమ్ చెట్టు, అంటే మన నీలగిరి చెట్టు కింద మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెట్టె దించలేదు. బిల్ చెయ్యి ఊపితే తిరిగి ఊపాడు, లేవలేదు.

బిల్ కాసేపు చూసి, ఇనపజల్లెడ బారీకి కట్టాడు.

నా జీవితంలో అంత ఆనందం నాకు మా పెళ్ళిలో కూడా కలగలేదు. కీర్తిమందిరం మొదటి మహాపురుషుడు కూర్చోబోతే కుర్చీ లాగేసినట్టుంది. మడమలు లేచాయి. మోకాళ్ళ చప్పుడుకి ఆవులు తలెత్తాయి. బంతులు వాడి కాళ్ళ మధ్యా, చంకల కిందా, నెత్తి మీదా తోవ చేసుకుని పోతుంటే, అవతలి జట్టువాళ్ళు నడిచొచ్చి పరుగులు తీసుకుంటున్నారు. ఒకడైతే దారిలో ఆగి బూటు తాడు కట్టుకున్నాడు.

మూడో ఇన్నింగ్స్ అయ్యాక బిల్ జల్లెడ చేత్తో పట్టుకుని చెట్టు కిందికొచ్చాడు. చెమటకి ఇంకా ఎర్రబడ్డాడు.

"రాటీ. మేట్. బారీ మోకాలు పోయింది. ఇంకా అందుకోవచ్చు. రా."

రత్నం లేవకుండానే అడిగాడు. గొంతు పెంచలేదు. "ఇది ఫైనల్సా, బిల్?"

"ఫైనల్సేంటి మేట్? మామూలు శనివారం."

"మామూలు శనివారాలకి లెక్క లేదన్నావు."

బిల్ నోరు తెరిచాడు. ఒక ఈగ లోపలికి వెళ్ళి, చూసి, బయటికొచ్చింది. వాడు జల్లెడ గడ్డి మీద పెట్టి, "అది నా ఒక్కడి మాట కాదు రాటీ, కమిటీది కదా" అని ఏదో గొణిగాడు.

"నా పేరు ఏసురత్నం" అన్నాడు మావాడు.

బిల్ పెదాలు కదిలాయి. ఒకసారి ప్రయత్నించాడు. కుదరలేదు. వెళ్ళిపోయాడు.

నేను లేచి నిలబడి ఈల వేద్దామని వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను. సుగుణ నా వైపు చూసింది. తీసేశాను. అప్పుడు రత్నం వైపు చూశాను. వాడి కళ్ళు మైదానం మీదే ఉన్నాయి. ప్రతి బంతికీ వాడి ఎడమ చెయ్యి ఒళ్ళో విచ్చుకుని మూసుకుంటోంది. వాడికి అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేదు, వాడే వేసుకున్నాడు. ఆ శిక్షకి కారకుల్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ రోజు ఎన్ని పరుగుల తేడాతో ఓడారో చెప్పను. చెప్తే పెంచి చెప్పానంటారు. ఈ ఒక్కటే పెంచనక్కర్లేదు.

బాపట్ల

ఈస్టరు నాడు ఫోను చేశాడు. మా ఆవిడ ముందు మాట్లాడి, ముక్కు తుడుచుకుని నాకిచ్చింది. లైనులో సముద్రం హోరు, దాని అడుగున వాడి గొంతు.

"బావగారూ, మావాళ్ళు ఈ ఏడు ఫైనల్స్‌కి పోలా."

నేను నవ్విన నవ్వుకి వీధిలో పోయే రిక్షా ఆగింది. అవతల వాడు నవ్వుతాడేమోనని చెవి అదిమిపట్టి చూశాను. నవ్వలేదు.

"ఏరా, ఏమైంది?"

"ఐదో స్థానం. ఒక్క గెలుపు తక్కువైంది."

"ఎప్పుడు పోయిన ఆటరా అది?"

హోరు.

"ఏదో లెండి, ఒక మామూలు శనివారం."